చిన్న ఊళ్ళ హోటళ్ళలో ఆమ్లెట్: ఏళ్ళ తరబడి తిన్నాక నా తీర్పు

చిన్న ఊళ్ళో మంచి ఆమ్లెట్ తినాలంటే హోటల్ బోర్డు చూడకండి, ఫోనులో చుక్కలు లెక్కపెట్టకండి. పెనం ఎక్కడుందో చూడండి. వేసేవారికి తినేవారు కనబడుతుంటే సగం పని అయినట్టే. వంటగది గోడ అవతల ఉంటే మాత్రం అన్నం, కూర తినేసి లేచి వచ్చేయండి.

వ్యవసాయ మోటార్ల విడిభాగాలు అమ్మే ఉద్యోగం నాది. రాజమహేంద్రవరం నుంచి ఏలూరు దాకా ఉన్న ఊళ్ళు, అప్పుడప్పుడు కోదాడ, సూర్యాపేట వైపు తిరుగుడు. రెండు పూటలా బయటి తిండే. తెలియని ఊళ్ళో మాంసం కూరను నమ్మాలంటే ధైర్యం కావాలి. గుడ్డుకు ఆ బెడద తక్కువ. పెంకు పగిలేదాకా అందులో ఎవరూ ఏమీ కలపలేరు, నిన్నటి కూరలా ఇవాళ వేడిచేసి పెట్టలేరు. అలా మొదలైన అలవాటు క్రమంగా పిచ్చిగా మారింది. ఏ ఊళ్ళో దిగినా ఆమ్లెట్ రుచి చూడకుండా బస్సు ఎక్కను.

ముందు రహదారి పక్కన ఉండే ఏసీ రెస్టారెంట్ల సంగతి తేల్చేద్దాం. మెనూలో ఆమ్లెట్‌కు ఒక మూల చోటిస్తారు, ధర మాత్రం బండి మీద ధరకు రెట్టింపు. పావుగంట తర్వాత నాలుగు ముక్కలుగా కోసి, పైన చాట్ మసాలా చల్లి, పక్కన టమాటా సాస్ పెట్టి తెస్తారు. నోట్లో పెట్టుకుంటే రబ్బరు. ఇందులో వింతేమీ లేదు. తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే గట్టిపడటం మొదలవుతుంది, పచ్చసొన 65 నుంచి 70 డిగ్రీల మధ్య బిగుస్తుంది. అంటే గుడ్డుకు కావలసిన వేడి చాలా తక్కువ. ఫ్రైడ్ రైస్ కోసం పెట్టిన మంట మీదే ఆమ్లెట్ వేస్తే సొన బిగుసుకుపోయి లోపలి నీళ్ళు వదిలేస్తుంది. ఆ తర్వాత సర్వర్ వచ్చేదాకా పళ్ళెంలో ఆవిరి పట్టి చెమ్మగిల్లుతుంది. మాస్టర్‌ను తప్పుపట్టి లాభం లేదు. ఎవరు తింటున్నారో, ఎప్పుడు తింటున్నారో ఆయనకు తెలిసే దారే లేదు.

పొద్దుటి టిఫిన్ సెంటర్లలో చాలావాటిలో గుడ్డు ఉండదు. ఉన్నచోట గుడ్డు దోసె తినండి, బాగుంటుంది. దోసె పెనం మీద వేసిన ఆమ్లెట్‌కు దోసె వాసనే వస్తుంది.

ఇక బస్టాండ్ల దగ్గర సాయంత్రం వెలిసే బండ్లు. వీటిలో రెండు రకాలు. నూడుల్స్, మంచూరియా కూడా వేసే బండి అయితే ఆగకుండా ముందుకు నడవండి. అక్కడ సోయా సాస్ తగలని వస్తువు ఉండదు. గుడ్డు మీదే బతికే బండి దగ్గర ఆగండి. ముప్పై గుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అవి ఎనిమిదింటికల్లా సగానికి దిగిపోతుంటే గుడ్లు నిలవ ఉండటం లేదని అర్థం. గుడ్డు నిలవ ఉన్నకొద్దీ తెల్లసొన పలచబడి నీళ్ళలా పారుతుంది. పెనం మీద పోసిన సొన అంచులు అదుపు లేకుండా పరుగెత్తుతుంటే అది పాత గుడ్డే.

తాడేపల్లిగూడెంలో ఒక బండి దగ్గర నేను తినడం కంటే చూడటానికే ఎక్కువసేపు నిలబడతాను. ఆయన సగం కోసిన ఉల్లిపాయను చాకు మొనకు గుచ్చి, నూనెలో ముంచి, ఇనుప పెనం మీద గుండ్రంగా రుద్దుతాడు. స్టీలు గ్లాసులో రెండు గుడ్లు కొట్టి, ఉప్పు వేసి, చెంచాతో నురగ వచ్చేదాకా గిలక్కొడతాడు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి ముక్కలు గ్లాసులో వేయడు. సొన పెనం మీద పరుచుకుని, అడుగు పట్టి, పైన ఇంకా తడిగా ఉన్నప్పుడు చేత్తో చల్లుతాడు. అదీ కిటుకు. ముక్కలు ముందే కలిపితే అవి అడుక్కి దిగి మాడతాయి, అట్లకాడ పెట్టగానే అట్టు చిరుగుతుంది. ఈ బండికి నేను పెట్టే వంక ఒకటే. నాలుగింటికి తరిగిన ఉల్లిపాయలే తొమ్మిదింటిదాకా వాడతాడు. ఏడు దాటితే ఆ ముక్కలు నీరు కారి వాసన మారతాయి. చీకటి పడకముందే వెళ్ళాలి.

కోదాడ, సూర్యాపేట వైపు ఆమ్లెట్ మరో బాణీలో ఉంటుంది. అక్కడ నేను తిన్న మంచివన్నీ మద్యం దుకాణాల పక్కనుండే చిన్న గదుల్లో వేసినవే. మందుకు తోడుగా తినే వస్తువు కనుక ఉప్పూ కారం ఒక మోతాదు ఎక్కువ, పైన మిరియాల పొడి, కాస్త ధనియాల పొడి. రుచిలో లోటు లేదు. నాకు మందు అలవాటు లేదు, ఉత్త ఆమ్లెట్ కోసం ఆ గదిలోకి వెళ్ళేవాణ్ణి అక్కడి కుర్రవాళ్ళు అనుమానంగా చూస్తారు. గడప దగ్గరే నిలబడి తినేసి వచ్చేస్తాను.

తణుకు గురించి చాలామంది అడుగుతారు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, అందులో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలది పెద్ద వాటా. ఇక్కడి నుంచి బెంగాల్, బీహార్, అస్సాం దాకా లారీలు వెళతాయి. మరి ఆమ్లెట్ కూడా ఇక్కడే బాగుండాలి కదా? నాకైతే ఆ తేడా కనబడలేదు. గుడ్డు తాజాగా ఉంటుంది, నిజమే. పచ్చసొన మంచి రంగులో ఉంటుంది, కానీ అది కోడి తిన్న మొక్కజొన్న చలవ, వంటవాడి గొప్ప కాదు. మిగతాదంతా పక్క ఊళ్ళలాగే ఉంది.

ధర విషయం కూడా చెప్పాలి. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏ రోజుకా రోజు వంద గుడ్లకు ఇంత అని ఒక్కో కేంద్రానికి ధర ప్రకటిస్తుంది. హోటల్ యజమానులందరికీ అది నోటికి వచ్చు. గుడ్డు ధర పెరిగిన వారంలోనే గోడ మీద ఆమ్లెట్ అంకె దిద్దుతారు. తగ్గినప్పుడు ఆ సుద్దముక్క ఎక్కడికి పోతుందో తెలియదు. కొందరు అంకె మార్చకుండా చిన్న గుడ్లు తెప్పిస్తారు. డబుల్ చెబితే సింగిల్ మందంలో వచ్చిందంటే సంగతి అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇన్ని ఊళ్ళలో నేను మొదటి స్థానం ఇచ్చేది నిడదవోలులోని ఒక భోజనాల మెస్‌కు. భీమవరం వైపు వెళ్ళడానికి రైలు మారే జంక్షన్ కనుక నాకు అక్కడ ఆగక తప్పేది కాదు. ఇప్పుడు పని లేకపోయినా ఆగుతున్నాను. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. భార్యాభర్తలు నడుపుతారు. ఆయన గల్లాపెట్టె దగ్గర, ఆవిడ పొయ్యి దగ్గర. మధ్యలో గోడ లేదు, నడుము ఎత్తు గట్టు ఒక్కటే. ఏ బల్ల మీద ఎవరు ఎంతవరకు తిన్నారో ఆవిడకు పొయ్యి దగ్గర నుంచే కనబడుతుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు కూర్చోగానే, "అమ్మా, డబుల్ ఆమ్లెట్ ఒకటి" అన్నాను.

"ఇప్పుడు కాదండి. ముందు కూర, పచ్చడి కానివ్వండి. పప్పుచారు పోసుకున్నాక వేస్తాను. ఇప్పుడే వేస్తే చల్లారిపోతుంది" అంది ఆవిడ.

అన్నట్టే చేసింది. పప్పుచారు గిన్నె నా బల్ల దగ్గరికి వస్తుండగా గుడ్డు కొట్టిన చప్పుడు వినబడింది. నేను అన్నం కలుపుకునే లోపు ఆకులో వేడి ఆమ్లెట్ పడింది. అంచు సన్నగా కరకరలాడుతోంది, నడుమ మెత్తగా ఉంది, మడత విప్పితే పచ్చిమిర్చి ఘాటు గుప్పుమంది. చిటికెడు పసుపు, కాస్త కరివేపాకు, అంతే. మసాలా లేదు, కారం పొడి లేదు. పప్పుచారులోని చింతపండు పులుపుకు ఆ మెత్తని గుడ్డు, ఆ మిరపకాయ సరిగ్గా సరిపోయాయి. ఇదే ఆమ్లెట్ విడిగా పళ్ళెంలో పెట్టి ఇస్తే ఇంత గొప్పగా అనిపించకపోవచ్చు. ఆవిడకు అది తెలుసు. అందుకే అన్నం తినకుండా ఆమ్లెట్ ఒక్కటే అడిగితే ఇవ్వదు. ఈ పట్టుదల నాకు నచ్చింది. వ్యాపారానికి మంచిదో కాదో ఆయననే అడగాలి.

వంకలు లేవా అంటే ఉన్నాయి. ఒక్కోసారి పసుపు చెయ్యి జారుతుంది. బల్లలు ఇరుకు, ఫ్యాను చప్పుడే తప్ప గాలి రాదు. పార్సెల్ కట్టరు, ఒకవేళ కట్టినా తీసుకోవద్దనే చెబుతాను. ఏ ఊళ్ళోనైనా సరే, ఆమ్లెట్ పొట్లంలో పడ్డాక పది నిమిషాలకే ఆవిరికి నాని చప్పబడిపోతుంది. అయిదుకు నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు ఫ్యానుకే కోత.

వెళ్ళేవారికి ఒక మాట. కార్తీక మాసంలో సోమవారాలు అక్కడ గుడ్డు పగలదు. ఆదివారం కోడికూర రద్దీలో అడిగినా ఆవిడ వినిపించుకోదు. మిగతా రోజుల్లో ఒంటిగంట లోపు బల్ల దగ్గర ఉండండి. రెండు దాటితే గుడ్లు ఉంటాయి గానీ పప్పుచారు ఉండదు.