సింగిల్ ఇండెక్సులా, కంపోజిట్ ఇండెక్సా: ఏళ్ల తరబడి రెండూ వాడాక

చాలా ఏళ్లుగా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీదే పని, మధ్యలో కొంతకాలం మైఎస్‌క్యూఎల్ కూడా. మొదట్లో క్వెరీలో షరతులు రాసే వేర్ క్లాజ్‌లో ఏ కాలమ్ కనిపిస్తే దానికో సింగిల్ ఇండెక్స్ (ఆ ఒక్క కాలమ్ విలువల్ని త్వరగా వెతకడానికి వరసలో పెట్టుకునే జాబితా) పెట్టేసేవాణ్ణి. ఆర్డర్స్ టేబుల్‌లో కస్టమర్ ఐడీకి ఒకటి, స్టేటస్‌కి ఒకటి, తేదీకి ఒకటి. డేటా తక్కువున్నన్నాళ్లూ బానే నడిచింది. టేబుల్ పెరిగాక, ఒక కస్టమర్‌వి పెండింగ్ ఆర్డర్లు కొత్తవి ముందొచ్చేలా 20 చూపించడానికి కూడా, పెద్ద కస్టమర్లైతే మరీ, నత్తనడకే.

క్వెరీని డేటాబేస్ ఎలా నడిపిందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ వేస్తే విషయం తెలిసింది. పోస్ట్‌గ్రెస్ రెండు ఇండెక్సుల్ని బిట్‌మ్యాప్‌లుగా (ఏ రోలు కావాలో గుర్తుపెట్టే పట్టికలుగా) కలుపుతోంది, 8.1 వెర్షన్ నుంచీ ఉన్న సౌకర్యమే, కానీ బిట్‌మ్యాప్‌కి వెళ్తే తేదీ వరస ఉండదు కదా, అందుకని దొరికినవన్నీ తెచ్చి, సార్ట్ చేసి, అప్పుడు అందులోంచి 20 ఇస్తోంది. కస్టమర్ ఐడీ, స్టేటస్, తేదీ ఈ వరసలో ఒక్క కంపోజిట్, అంటే మూడు కాలమ్‌లూ కలిపిన ఇండెక్స్, పెట్టా, ప్లాన్‌లో సార్ట్ అనే మాటే లేదు, నేరుగా ఆ చోటికెళ్లి 20 రోలు చదివి ఆగిపోతోంది. ఆ రోజు నిజంగా సంబరపడ్డా.

అయితే వరస తప్పితే మొత్తం దండగ. ఇంకో టేబుల్‌లో తేదీ ముందు పెట్టి దెబ్బతిన్నా, ఒకరివి నెల రేంజ్ అడిగితే ఆ నెలలో అందరి ఎంట్రీలూ తిరగేసింది. సమానం అని వెతికేవి ముందు, రేంజ్ తర్వాత. ఎక్కువ రకాల విలువలున్న కాలమ్ ముందుండాలని చాలామంది చెప్తారు, రెండు కాలమ్‌లకీ ‘సమానం’ షరతే వాడుతుంటే ఆ క్వెరీకి పెద్ద తేడా ఉండదు, మొదటి కాలమ్ ఒక్కదాంతో వెతికే క్వెరీలు ఇంకేమున్నాయో చూసుకోవడం ముఖ్యం.

మైఎస్‌క్యూఎల్ 8.0.13లో, పోస్ట్‌గ్రెస్ 18లో స్కిప్ స్కాన్ (మొదటి కాలమ్ మీద షరతు లేకపోయినా కంపోజిట్‌ని వాడుకునే పద్ధతి) వచ్చింది గానీ మొదటి కాలమ్‌లో విలువలు కొన్నే ఉంటేనే లాభం, కస్టమర్ ఐడీ లాంటిదైతే దాని మీద ఆశ పెట్టుకోకండి.

సింగిల్‌వి పూర్తిగా మానలేదు. యూజర్ ఏ ఫిల్టర్లు కలుపుతాడో ముందే తెలియని సెర్చ్ పేజీకి ఇప్పటికీ అవే. కంపోజిట్‌లో కస్టమర్ ఐడీయే మొదటిది కాబట్టి దాని సింగిల్ ఇండెక్స్ మాత్రం తీసేశా, ఎందుకంటే ప్రతి ఇన్సర్ట్‌కీ ప్రతి ఇండెక్స్‌లో రాయాల్సిందే. ఒక ఇబ్బంది మాత్రం ఉంది, స్టేటస్ ఇండెక్స్‌లో ఉంటే అది మారిన ప్రతిసారీ పోస్ట్‌గ్రెస్‌లో హాట్ అప్‌డేట్ (ఇండెక్సుల్లో కొత్తగా రాయకుండానే రో మార్చడం) కుదరదు, ఆ బరువు ఇప్పటికీ మోస్తున్నా. ఏ ఇండెక్సైనా తీసేసే ముందు దాని వాడకం లెక్క చూడండి, రెప్లికాలో (డేటాబేస్ నకలు ఉండే సర్వర్‌లో) లెక్క వేరుగా ఉంటుంది, అక్కడా చూశాకే డ్రాప్ చేయండి.