ఇసుకరాయిలో దాచాలా, బసాల్ట్‌లోనా?

భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్‌ని గాల్లోకి వదలకుండా భూమిలోకి పంపడం గురించి ఎప్పుడు రాసినా పాఠకులు అడిగేది ఇదే: ఏ రాయి మేలు? నేను ముందు చూసేది ఒకటుంది. పంపాక కాపలా ఎన్నాళ్లు కాయాలి?

నార్వే వాళ్లు ఉత్తర సముద్రంలో స్లైప్నర్ అనే గ్యాస్ క్షేత్రం దగ్గర 1996 నుంచి ఈ పని చేస్తున్నారు. సహజవాయువుతో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని వేరుచేసి, ఉప్పునీళ్లతో నిండిన ఇసుకరాయి పొరలోకి పంపుతారు. ఏడాదికి పది లక్షల టన్నుల దాకా వెళ్లింది. (గాల్లోకి వదిలితే కట్టాల్సిన, 1991లో పడ్డ కార్బన్ పన్ను భయం కూడా ఉందిలెండి.) పైన షేల్ (గట్టిపడ్డ బంకమట్టి రాయి) పొర మూతలా కాస్తోంది, లీకు కనబడలేదు. అయితే అన్నిచోట్లా మూత అంత గట్టిది కాదు. అల్జీరియాలోని ఇన్ సలాహ్‌లో 2004లో మొదలుపెట్టి, మూతరాయి మీద అనుమానంతో 2011లో ఆపేశారు. మూతని నమ్ముకుంటే తరతరాలు చూసుకుంటూ ఉండాలి. కంపెనీ మూతపడ్డాక ఎవరు చూస్తారు?

లావా చల్లారి ఏర్పడ్డ నల్లరాయి బసాల్ట్‌లో ఆ టెన్షన్ చాలావరకు ఉండదు. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే సంస్థ వాళ్లు గ్యాసుని సోడాలాగా నీళ్లలో కలిపి పంపుతారు. ఆ పులుపుకి రాయిలోని కాల్షియం, మెగ్నీషియం, ఇనుము కరిగి, గ్యాసుతో కలిసి కార్బొనేట్ ఖనిజాలవుతాయి. 2012లో పంపినదాంట్లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయైపోయింది. రాయికి కాపలా ఎందుకు?

పాత చమురు బావులంటారా? ఆ గ్యాసుతో మిగిలిన చమురు తోడి మళ్లీ కాలుస్తారు. నాకు నచ్చదు.

నా మొగ్గు బసాల్ట్ వైపే. చిక్కల్లా నీళ్లు: టన్ను గ్యాసుకి పాతిక టన్నుల దాకా కావాలి. మన జహీరాబాద్, ఆదిలాబాద్ వైపు దక్కన్ బసాల్ట్ ఉంది, కానీ ఎండాకాలం బోర్లు ఎండే ఊళ్లో అన్ని నీళ్లు ఎవరిని అడుగుతాం? నీళ్లు కలపకుండా కూడా చేసి చూశారు. 2013లో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలులా దగ్గర దాదాపు వెయ్యి టన్నుల గ్యాసుని ఒత్తిడితో ద్రవంలా చేసి బసాల్ట్‌లోకి పంపారు. రెండేళ్లకి తవ్వి తీసిన రాతి ముక్కల్లో కార్బొనేట్ కనబడింది. వెయ్యి మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఆ వెయ్యి టన్నుల్ని దాదాపు ఒక్క గంటలో వదిలేస్తుంది.