అరిజోనాలో రెండేళ్ల కాలేజీ: మా ఇంట్లో ఇద్దరం చదివాక నా అభిప్రాయం

ఫీనిక్స్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో పన్నెండో తరగతి పిల్లలుంటే, మాట ఎక్కడ మొదలైనా కాలేజీ దగ్గరికే చేరుతుంది. కమ్యూనిటీ కాలేజీ అనగానే ఎదుటివారి ముఖంలో జాలి కనబడుతుంది. 'అయ్యో, ఏఎస్‌యూలో సీటు రాలేదా?' అని అడుగుతారు. ఆ ప్రశ్న వింటే నాకు కోపం వస్తుంది. హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల భార్యాభర్తలకూ పిల్లలకూ ఇచ్చేది) మీద వచ్చి, ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టి, అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం (ఏఎస్‌యూ) నుంచి బిజినెస్ డిగ్రీ తీసుకున్నదాన్ని నేను. మా అబ్బాయి కూడా ఇదే దారిలో ఇంజినీరింగ్‌కు వెళ్లాడు. విద్యార్థిగానూ తల్లిగానూ ఈ కాలేజీలను చూశాను కాబట్టి, ఎంచుకునేటప్పుడు నిజంగా ఏం చూడాలో చెప్పగలను.

తెలియనివారికి ఒక మాట. మన దగ్గర పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరినట్టే, ఇక్కడ రెండేళ్లు చదివి విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరంలో చేరవచ్చు. ఈసెట్ లాంటి పరీక్ష ఉండదు. చదివిన ఒక్కొక్క కోర్సును విశ్వవిద్యాలయం ఏ లెక్కన తీసుకుంటుందనే దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో ఇలాంటి కాలేజీలు పది ఉన్నాయి. 1920లో పుట్టిన ఫీనిక్స్ కాలేజీ అన్నిటికన్నా పాతది. పదీ ఒకే పాలకమండలి కింద నడుస్తాయి. ఫీజు ఒకటే, కోర్సుల సంఖ్యలూ ఒకటే. ఒక చోట చదివిన ఇంగ్లీషు 101 మరో చోట కూడా ఇంగ్లీషు 101గానే చెల్లుతుంది. అందుకే 'మీసా మంచిదా, చాండ్లర్ గిల్బర్ట్ మంచిదా' అని ఎవరైనా అడిగితే ముందు ఏం చదవాలనుకుంటున్నారో అడుగుతాను. మొదటి రెండేళ్ల సాధారణ కోర్సులకైతే ఇంటికి దగ్గరగా ఉన్నదే మంచి కాలేజీ. ప్రత్యేక విద్యలకు మాత్రం పేరు చూడాలి. విమానయానం అయితే చాండ్లర్ గిల్బర్ట్. ఆసుపత్రి సాంకేతిక విద్యలు అయితే గేట్‌వే. వంట, సినిమా నిర్మాణం అయితే స్కాట్స్‌డేల్. సౌత్ మౌంటెన్ కాలేజీలో కథలు చెప్పడం నేర్పే విభాగం ఒకటి ఉంది. మన హరికథల ఊళ్ల నుంచి వచ్చినదాన్ని కదా, అది తెలిసినప్పుడు ఎంతో సంతోషించాను.

అసలు జాగ్రత్త పడాల్సింది డిగ్రీ పేరులో. రెండేళ్ల డిగ్రీల్లో కొన్ని విశ్వవిద్యాలయానికి వెళ్లేవారి కోసం, కొన్ని నేరుగా ఉద్యోగానికి వెళ్లేవారి కోసం. 'అప్లైడ్ సైన్స్' అని ఉంటే అది ఉద్యోగం వైపు డిగ్రీ. ప్రోగ్రామింగ్ నేర్పుతారు కదా అని అందులో చేరి, తర్వాత మామూలు బీఎస్‌కు (నాలుగేళ్ల సైన్స్ డిగ్రీకి) వెళ్దామంటే చాలా కోర్సులు లెక్కలోకి రావు. విశ్వవిద్యాలయమే గమ్యమైతే ఏజెక్ అనే సాధారణ విద్యా కోర్సుల కట్ట పూర్తి చేయాలి. నేను చదివిన రోజుల్లో అది 35 క్రెడిట్లు (ఒక్కో కోర్సు విలువను క్రెడిట్లలోనే లెక్కిస్తారు). అది పూర్తయితే ఏఎస్‌యూ, యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా, నార్తర్న్ అరిజోనా మూడూ దాన్ని మొత్తంగా అంగీకరిస్తాయి. కోర్సు వివరాల్లో సన్ అనే మూడక్షరాల గుర్తు ఉంటే, రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ దానికి సమానమైన కోర్సు ఉన్నట్టు.

ఇక్కడే నాకు దెబ్బ తగిలింది. ఒక సలహాదారు ఎంతో ఆప్యాయంగా మాట్లాడి, ఒక కోర్సు తీసుకోమన్నారు. తీసుకున్నాను, అత్యుత్తమమైన 'ఏ' గ్రేడే వచ్చింది. విశ్వవిద్యాలయం దాన్ని ఉత్త ఐచ్ఛిక క్రెడిట్‌గా రాసుకుంది. అంటే మొత్తం క్రెడిట్లలో కలుస్తుంది కానీ డిగ్రీకి కావలసిన ఏ గడీనీ నింపదు. ఆ మూడు నెలల సాయంత్రాలు నాకు తిరిగి రాలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో నియమం ఒకటే. ఎవరు చెప్పినా సరే, డబ్బు కట్టేముందు ఏఎస్‌యూ ట్రాన్స్‌ఫర్ గైడ్ వెబ్‌సైట్‌లో ఆ కోర్సు సంఖ్య కొట్టి, అవతల ఏ కోర్సుగా మారుతుందో మనమే చూసుకోవాలి. మా అబ్బాయి మైపాత్ టు ఏఎస్‌యూలో (ఇక్కడి నుంచి ఏఎస్‌యూకు మారేవారి కోర్సుల ప్రణాళికలో) తన ఇంజినీరింగ్ శాఖ ఎంచుకుని, అందులో వచ్చిన కోర్సుల పట్టికను ముద్రించి ఫ్రిజ్‌కు అంటించాడు. ఒక్కొక్కటి పూర్తవుతుంటే గీత కొట్టేవాడు. వాడివి ఒక్క క్రెడిట్ కూడా వృథా కాలేదు.

చదువు నాణ్యత గురించి అడుగుతారు. పెద్ద విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం కోర్సులు వందల మంది కూర్చునే హాళ్లలో జరుగుతుంటాయి. ఇక్కడ నా తరగతుల్లో పాతిక, ముప్పై మందికి మించి ఎప్పుడూ లేరు. పాఠం చెప్పేవారి పనే పాఠం చెప్పడం. పరిశోధన ఒత్తిడి వారికి ఉండదు. ఇంగ్లీషు 101లో మా ఉపాధ్యాయురాలు నా మొదటి వ్యాసాన్ని అంచుల నిండా పెన్సిల్ రాతతో తిరిగి ఇచ్చారు. 'ఈ వాక్యంలో మీరేం నమ్ముతున్నారో ఎక్కడా లేదు' అని ఒక పేరా పక్కన రాశారు. మన దగ్గర బీకాంలో గైడు చూసి పదిహేను మార్కుల జవాబులు బట్టీ పట్టిన నాకు, నా నమ్మకం ఏమిటని అడిగిన మొదటి ఉపాధ్యాయురాలు ఆవిడే. అదే వ్యాసాన్ని నాలుగు సార్లు తిరగరాశాను. ప్రతిసారీ ఆవిడ మొదటి నుంచీ చదివారు.

నా పక్కన కూర్చునేవాళ్లలో రాత్రంతా గిడ్డంగిలో పనిచేసి వచ్చే కుర్రాడు, సైన్యం నుంచి బయటికి వచ్చినాయన, మనవరాలితో కలిసి చదువుకునే అమ్మమ్మ ఉండేవారు. ఆ కుర్రాడు స్టాటిస్టిక్స్ లెక్కలు నాకంటే వేగంగా చేసేవాడు. ఇది మార్కులు రానివాళ్ల కాలేజీ అనేవారు ఒక్క సాయంత్రం ఆ గదిలో కూర్చుంటే చాలు. ఉచిత ట్యూటరింగ్ కేంద్రం మరో వరం. మా అబ్బాయి కాలిక్యులస్ రెండో కోర్సు గట్టెక్కడానికి అక్కడి బల్లల దగ్గర గడిపిన మధ్యాహ్నాలే కారణం.

డబ్బు సంగతి. నేను మొదలుపెట్టినప్పుడు కౌంటీ నివాసులకు క్రెడిట్‌కు 85 డాలర్లు. చివరిసారి మేం కట్టినప్పుడు 97. ఆ లెక్కన 60 క్రెడిట్లకు 5,820 డాలర్లు, పుస్తకాలు విడిగా. ఏఎస్‌యూలో రాష్ట్ర నివాసికి ఒక్క ఏడాదికే పన్నెండు వేలు దాటుతుంది. అయితే నివాసి ఫీజు రావాలంటే ఏడాది నుంచి అరిజోనాలో ఉంటున్నట్టు అద్దె ఒప్పందం, డ్రైవింగ్ లైసెన్సు, పన్ను పత్రాలు చూపాలి. హెచ్4 మీద ఉన్నవారు కూడా ఈ ఆధారాలతో నివాసి ఫీజు పొందవచ్చు, నేను పొందాను. ఎఫ్1 విద్యార్థి వీసా మీద వచ్చినవారికి ఆ వీలు లేదు. సమాఖ్య ప్రభుత్వ ఆర్థిక సాయం హెచ్4 వారికి రాదు. పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది కాబట్టి, రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ అని లెక్క వేసేటప్పుడు పుట్టిన తేదీని పక్కన పెట్టుకోండి. భారత్‌లో డిగ్రీ చేసినవారు ఆ మార్కుల పత్రాలను ముందుగా మూల్యాంకనం చేయించుకుంటే కొన్ని క్రెడిట్లు కలిసిరావచ్చు.

ఇంకో ఆదా, పిల్లలు హైస్కూల్లో ఉండగానే మొదలవుతుంది. చాలా బడుల్లో కొన్ని పాఠాలకు కాలేజీ క్రెడిట్ కూడా ఇస్తారు. మా వాడు అలాగే కొన్ని కోర్సులు ముందే పూర్తి చేశాడు.

ఉద్యోగాల కోసమైతే ఇప్పుడు ఈ కాలేజీల వైపు చూడాల్సిన కారణం సెమీకండక్టర్లు, అంటే కంప్యూటర్ చిప్పులు. చాండ్లర్‌లో ఇంటెల్, ఉత్తర ఫీనిక్స్‌లో తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ కర్మాగారాలు ఉన్నాయి. వాటికి కావలసిన సాంకేతిక నిపుణుల కోసం 2022లో మీసా కాలేజీలో పది రోజుల ప్రారంభ శిక్షణ మొదలైంది. చదువు మధ్యలో ఆగిపోయినవారికి మళ్లీ లోపలికి వచ్చే దారి అది.

లోటు లేదని చెప్పను. హాస్టల్ జీవితం ఉండదు. పాఠం అయ్యాక ఎవరి కారు వారు తీస్తారు, స్నేహాలు మనమే కష్టపడి కలుపుకోవాలి. కారు లేకపోతే ఇబ్బంది. గేట్‌వే ముందు లైట్ రైలు ఆగుతుంది కానీ అన్నిచోట్లా ఆ సదుపాయం లేదు. ఆగస్టులో తరగతులు మొదలయ్యేసరికి ఎండ 40 డిగ్రీలు దాటి ఉంటుంది, సీటు బెల్టు బకిల్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ నెలలో బస్సు కోసం నిలబడటం చిన్న విషయం కాదు. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదవాలంటే ఆ పదింటిలోనే రియో సలాడో కాలేజీ ఉంది, చాలా కోర్సులు దాదాపు ప్రతి సోమవారం మొదలవుతాయి. ఎవరూ గుర్తుచేయకపోయినా కూర్చుని చదివేవారికి అది బాగుంటుంది. పద్దెనిమిదేళ్ల మా వాడికి గణితం అలా పెట్టనివ్వలేదు.

విశ్వవిద్యాలయం నుంచి మంచి స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లలను నేను ఇటు రమ్మనను. ఆ స్కాలర్‌షిప్పుల్లో చాలావరకు మొదటి సంవత్సరంలో నేరుగా చేరేవారికే. చేతిలో ఉన్నది వదులుకుని ఇక్కడికి వస్తే, రెండేళ్ల తర్వాత అంత మొత్తం మళ్లీ దొరకడం కష్టం. ఇంజినీరింగ్ వారు మరో విషయం చూసుకోవాలి. కాలిక్యులస్, భౌతికశాస్త్రం ఒకదాని తర్వాత ఒకటి వరుసగా చదవాలి. చేరినవారు తక్కువైతే పైస్థాయి తరగతిని రద్దు చేస్తారు, అప్పుడు గొలుసంతా ఒక సెమిస్టర్ వెనక్కి జరుగుతుంది. మా వాడికి ఒకసారి అలాగే అయితే, అదే కోర్సు పొరుగు కాలేజీలో సాయంత్రం పూట దొరికింది. నమోదు తెరిచిన వారంలోనే పేరు రాయించుకోండి, రెండో కాలేజీలో అదే తరగతి ఎప్పుడుందో కూడా రాసి పెట్టుకోండి.