బెంగళూరులో కైరోప్రాక్టర్: ఒకరు ప్యాకేజీ అమ్మారు, ఒకరు ప్రశ్నలడిగారు

కైరోప్రాక్టర్ అంటే వెన్నునీ కీళ్లనీ చేత్తో నొక్కి, విసురుగా కదిలించి నొప్పికి వైద్యం చేసేవాళ్లు. ముందే చెప్పేస్తున్నా, ఇందిరానగర్‌లో వెళ్లిన మొదటి చోటుకి ఐదుకి ఒకటిన్నర స్టార్, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో రెండోదానికి నాలుగు. పేర్లు మాత్రం రాయను. ఈ పనిలో బోర్డు కన్నా మన మీద చెయ్యి వేసే మనిషి ముఖ్యం, ఆయన రేపు ఇంకో క్లినిక్‌కి మారిపోతే నా స్టార్లు ఎందుకూ పనికిరావు.

నాది మామూలు ఐటీ నడుము నొప్పి. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు మీదుగా క్లచ్ తొక్కుకుంటూ ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అమ్మేమో ఫోన్‌లో "పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకో నాన్నా" అంటుంది (విరిగిందేమీ లేదమ్మా అంటే వినదు), ఆఫీసులో వాళ్లేమో రీల్స్ చూసి మెడ టక్కుమనిపించే చోటుకి పొమ్మంటారు.

మొదటి చోట లోపలికి వెళ్లగానే నిలబెట్టి ఫోటో తీశారు, కంప్యూటర్‌లో దాని మీద ఎర్ర గీతలు గీశారు, ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం, ఇలాగే వదిలేస్తే డిస్క్ జారిపోతుంది అని బెదరగొట్టారు. నొప్పి కాల్లోకి దిగుతోందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆ తర్వాత నడుము, మెడ రెండూ టకటకమనిపించి, బయటికి రాగానే 24 సిట్టింగుల ప్యాకేజీ, డబ్బు మొత్తం ముందే కట్టాలి, ఈ తగ్గింపు ఈరోజు వరకే అన్నారు. వెన్నెముకకి కూడా ఆషాఢం సేల్ అన్నమాట! నేను కట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం ఒళ్లు తేలికగానే అనిపించింది, మర్నాడు నొప్పి మళ్లీ మామూలే.

ఆ టక్కు చప్పుడు గురించి ఒక మాట. ఎముక జరిగి దాని చోటులో కూర్చున్న చప్పుడు కాదది. కీలు ఒక్కసారిగా సాగినప్పుడు లోపలి ద్రవంలో గ్యాస్ బుడగ ఏర్పడి వచ్చే చప్పుడు. గట్టిగా వస్తే వైద్యం బాగా జరిగినట్టు కాదు, రాకపోతే జరగనట్టూ కాదు.

రెండో చోట బల్ల ఎక్కించే ముందే చాలాసేపు ప్రశ్నలు. కాలు తిమ్మిరెక్కుతోందా, పాదం పైకి లేస్తోందా, జ్వరం ఉందా, కారణం లేకుండా బరువు తగ్గారా, ఎక్కడైనా పడ్డారా, స్టెరాయిడ్లు గానీ రక్తం పలచబడే మందులు గానీ వాడుతున్నారా, మూత్రం మీద అదుపు ఉందా. చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టి చూశారు. తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం అదుపు తప్పినా కైరోప్రాక్టర్ దగ్గరికి కాదు, ఆ రోజే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తాలి అని ఆయనే చెప్పారు. ఎక్స్‌రే తీయించాలా అంటే ఈ నొప్పికి అక్కర్లేదన్నారు. మెడ జోలికే రాలేదు, మీ నొప్పి అక్కడ లేదు కదా అన్నారు. మెడ విసురుగా తిప్పినప్పుడు, చాలా అరుదుగానే అయినా, మెదడుకి వెళ్లే రక్తనాళం చిరిగి స్ట్రోక్ వచ్చిన కేసులు ఉన్నాయి, అందుకని ఆ మాట నాకు నచ్చింది. చివర్లో కొన్ని వ్యాయామాలు నేర్పి, రోజూ నడవమని చెప్పి, నాలుగు వారాల్లో తేడా లేకపోతే నా దగ్గరికి రావద్దు, ఆర్థోకి చూపించండి అన్నారు. స్టార్లలో సగం ఆ ఒక్క మాటకే.

చదువు గురించి తప్పకుండా అడగండి, మొహమాటం వద్దు. మన దేశంలో డాక్టర్లకి ఉన్నట్టు కైరోప్రాక్టర్లకి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. విదేశాల్లో ఏళ్లపాటు చదివి డి.సి. (డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్) డిగ్రీ తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, చిన్న కోర్సు చేసి బోర్డు పెట్టేసినవాళ్లూ ఉన్నారు. ఇంకోటి, 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో ఈ వైద్యం మొదలుపెట్టిన పామర్ దాదాపు జబ్బులన్నీ వెన్నుపూస నుంచే వస్తాయనేవాడు. ఇప్పటికీ ఎవరైనా షుగర్, థైరాయిడ్, ఆస్తమా కూడా వెన్ను సరిచేస్తే పోతాయంటే చెప్పులేసుకుని వచ్చేయండి.

కొత్తగా నడుము పట్టేసినవాళ్లు అసలు ఇంత దూరం రావక్కర్లేదనే నా అభిప్రాయం. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. 2017లో అమెరికా ఫిజీషియన్ల కాలేజీ ఇచ్చిన సూచనల్లో కూడా అలాంటి నొప్పికి వేడి కాపడం, మసాజ్‌ల వరసలోనే వెన్నుని ఇలా చేత్తో కదిలించడాన్నీ పెట్టారు, అన్నిటికన్నా గొప్పదని కాదు. ఇంటి దగ్గర మంచి ఫిజియో ఉంటే ముందు అక్కడికే వెళ్లండి.

హెచ్‌ఎస్‌ఆర్ చోటుకి ఒక స్టార్ ఎందుకు కోశానంటే, శనివారం అపాయింట్‌మెంట్ టైముకి ఎప్పుడూ పిలవరు, కారు పెట్టడానికి చోటు లేదు, ఒక్క సిట్టింగుకి 1,500 అంటే కొంచెం ఎక్కువే. రిసెప్షన్‌లో అమ్మాయిది మదనపల్లె, పెద్దవాళ్లని తీసుకెళ్తే తెలుగులోనే అన్నీ వివరంగా చెబుతుంది.