దత్తత పాపతో ఢిల్లీలో ఆఖరి వారం: ప్యాకేజీలు అమ్మేవాళ్లతో జాగ్రత్త

దత్తత పని పూర్తి చేసుకోవడానికి అమెరికా నుంచి ఇండియా వస్తున్న మనవాళ్లందరికీ చెబుతున్నాను. ఢిల్లీలో మీ ఆఖరి వారాన్ని ఏ ఏజెంటు చేతిలోనూ పెట్టకండి. మేం పెట్టాం. 85,000 రూపాయలు పోయాయి, అది ఒక బాధ. ఒక్కసారితో పోయేదానికి మూడేళ్ల పాపకు రెండుసార్లు రక్తం తీయించాం, ఆ బాధ నాకింకా తగ్గలేదు.

మేమిద్దరం అమెరికా పౌరులం. పాప ఆంధ్రాలో ఒక శిశుగృహలో పెరిగింది. అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ల ఐ-800ఏ ఫారం, కారా (మన దేశంలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్, ఇమిగ్రేషన్ వాళ్లదే ఐ-800 ఫారం, హేగ్ అంతర్జాతీయ దత్తత ఒప్పందం కింద రాయబార కార్యాలయం ఇచ్చే ఆర్టికల్ 5 లేఖ, కారా నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ), కలెక్టర్ గారి దత్తత ఉత్తర్వు, అదే ఒప్పందం కింద కారా ఇచ్చే ఆర్టికల్ 23 సర్టిఫికెట్, పాప పాస్‌పోర్టు, ఇలా ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాగితాలన్నీ చేతికొచ్చాయి. దత్తత ఉత్తర్వు కోసం కోర్టు చుట్టూ తిరిగే పని కూడా 2022 సెప్టెంబరు నుంచి లేదు, జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరే ఇస్తున్నారు. ఇక మిగిలినవి రెండే: ఢిల్లీలో పాపకు మెడికల్ పరీక్ష, అమెరికా రాయబార కార్యాలయంలో వీసా.

అప్పటికి మేం బాగా అలసిపోయాం. పాప రాత్రిళ్లు లేచి ‘ఆయమ్మ ఏదీ?’ అని అడిగేది. ఆ టెన్షన్‌లో ఉండగా తెలిసినవాళ్ల ద్వారా ఒక ఏజెంటు నంబరు దొరికింది. గది, కారు, మెడికల్ అపాయింట్‌మెంట్, వీసా, అన్నీ ఐదు రోజుల్లో అయిపోతాయన్నాడు. డబ్బంతా ముందే కట్టమన్నాడు. తిరుగు టిక్కెట్లు కూడా తనే బుక్ చేశాడు, రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాని రకం. మా ఆయన ఒక్కసారి ఆలోచిద్దామన్నారు. నేనే తొందరపెట్టాను.

ఫొటోల్లో వంటగది, లిఫ్టు ఉన్నాయి. తీరా వెళ్తే నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, వంటగది పేరుతో ఒక కరెంటు కెటిల్. పాప పప్పన్నం తప్ప ఏదీ ముట్టదు. మే నెల ఎండలో మా ఆయన ఊరంతా తిరిగి చిన్న రైస్ కుక్కర్ కొనుక్కొచ్చారు. గది సంగతి వదిలేయండి, దానికి సర్దుకుపోయేవాళ్లమే.

మర్నాడు పొద్దున్నే ఒక కుర్రాడు సూది, ట్యూబులు పట్టుకుని గదికి వచ్చాడు. టీబీ పరీక్షకు రక్తం ఇక్కడే తీస్తే టైమ్ కలిసొస్తుందని ఏజెంటు ఫోన్‌లో చెప్పాడు. నమ్మాం. మన దేశం నుంచి అమెరికాలో స్థిరపడటానికి వెళ్లే రెండేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు వయసున్న పిల్లలకు ఆ రక్తపరీక్ష, ఇగ్రా అంటారు, తప్పనిసరే. కానీ అది రాయబార కార్యాలయం గుర్తించిన ప్యానెల్ డాక్టర్ల ద్వారానే జరగాలి. బయటి ల్యాబ్ రిపోర్టు చెల్లదు. ఈ ముక్క మాకు క్లినిక్‌కి వెళ్లాకే తెలిసింది. అసలు అక్కడ మా పేరున అపాయింట్‌మెంటే లేదు. రెండు రోజుల తర్వాత సొంతంగా తీసుకుని మళ్లీ వెళ్లాం.

రెండోసారి సూది చూడగానే ఏడుస్తుందని నేను గట్టిగా పట్టుకున్నాను. ఏడవలేదు. నా మొహంలోకి చూస్తూ తనంతట తానే చెయ్యి చాపింది. మూడేళ్ల పిల్ల అలా చాపకూడదు కదా. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

రిపోర్టు వచ్చేసరికి టిక్కెట్ల తేదీ దాటిపోయింది. ఆ డబ్బు వేరే నష్టం. ఇగ్రా పాజిటివ్ వస్తే ఎక్స్‌రే తీస్తారు, అందులో అనుమానం వస్తే కఫం పరీక్షలతో వారాలు పడుతుంది. కాబట్టి ‘ఐదు రోజుల గ్యారంటీ’ అని ఎవరన్నా అబద్ధమే. వీసా ఉన్న పాస్‌పోర్టు చేతికి రాకుండా మార్చుకోవడానికి వీల్లేని టిక్కెట్టు కొనకండి.

ఇంకో పెద్ద మోసం టీకాల పేరుతో చేయబోయాడు. మిగిలిన టీకాలన్నీ ఒకేరోజు వేయించకపోతే వీసా రాదని, తనకు తెలిసినచోట 18,000 అవుతుందని అన్నాడు. ప్యానెల్ డాక్టరమ్మని అడిగితే అవసరం లేదన్నారు. దత్తత పిల్లలకు పదేళ్లలోపైతే మినహాయింపు అడగొచ్చు. అమెరికా చేరిన ముప్పై రోజుల్లో వేయిస్తామని తల్లిదండ్రులు డీఎస్-1981 అఫిడవిట్ ఇస్తే చాలు. ఆవిడ చెప్పకపోతే మా పాపకు ఆ రోజు నాలుగు సూదులు పడేవి.

ఫొటోలు కూడా మన పాస్‌పోర్టు సైజులో తీయించాడు. అమెరికా వీసాకు రెండంగుళాల చదరపు ఫొటో కావాలి.

చివరికి ‘లోపల మనిషికి’ ఇవ్వాలని ఇంకో 20,000 అడిగాడు. అక్కడ ఆపేశాం. దయచేసి మీరూ ఎవరికీ ఇవ్వకండి. వీసా ఫీజు 325 డాలర్లు, అది అధికారికంగా ప్రకటించిందే. దత్తత కేసులో లంచం ఇచ్చిన మచ్చ పడితే పోయేది డబ్బు కాదు, బిడ్డ. వీసాతో పాటు మీకు సీలు వేసిన కవరు ఇస్తే దాన్ని విప్పకండి, జిరాక్స్ కోసం కూడా. మా ఏజెంటు విప్పమనే సలహా ఇచ్చాడు. అది అమెరికాలో దిగినప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసరు తెరవాల్సింది.

నిజానికి ఇదంతా మనమే చేసుకోవచ్చు. ప్యానెల్ డాక్టర్ల జాబితా రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉంటుంది. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-260ని ఇంట్లో కూర్చుని నింపొచ్చు. అనుమానం వస్తే మీ దత్తత ఏజెన్సీ సోషల్ వర్కర్‌ని అడగండి, ఆ సహాయానికి మీరు ఫీజు కట్టే ఉన్నారు. మేం సిగ్గుపడి అడగలేదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. యూపీఐ రసీదులు, చాట్లు దాచడం వల్లే అది చేయగలిగాం. డబ్బు ఇంకా రాలేదు.

మేం ఎయిర్‌పోర్టులో ఉండగా కూడా అతను ఫోన్ చేశాడు. పాప అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు తనే చేయిస్తానని, 400 డాలర్లు అవుతుందని అన్నాడు. దత్తత ఇక్కడే పూర్తయిన పిల్లలకిచ్చే ఐహెచ్-3 వీసాతో, తల్లిదండ్రులతో కలిసి అమెరికాలో ఉండటానికి అడుగుపెట్టిన పిల్లలు 2000 నాటి చట్టం ప్రకారం ఆ క్షణమే పౌరులవుతారు. విడిగా దరఖాస్తు, ఫీజు ఏమీ లేవు, సర్టిఫికెట్ ఇంటికే పోస్టులో వస్తుంది. ఆ సంగతి అప్పటికే తెలుసుకున్నాం కాబట్టి ఫోన్ పెట్టేశాం. పాప నా ఒళ్లో నిద్రపోతోంది.