స్ట్రెప్టావిడిన్ క్వాంటం డాట్లు 655: కొనే ముందు క్యూబ్ చూసుకోండి

ఇవి కణజాలంలో వెతుకుతున్న ప్రోటీన్‌ను మైక్రోస్కోపు కింద 655 నానోమీటర్ల ఎర్ర కాంతితో వెలిగించి చూపే అతి సూక్ష్మ స్ఫటికాలు; పైనున్న స్ట్రెప్టావిడిన్ బయోటిన్ తగిలించిన యాంటీబాడీకి అతుక్కుంటుంది. సీసాలో వచ్చేది 200 మైక్రోలీటర్లు, గాఢత 1 మైక్రోమోలార్. 10 నానోమోలార్‌కు పలచన చేస్తే 20 మిల్లీలీటర్లు అవుతుంది. స్లైడుకు 100 మైక్రోలీటర్ల లెక్కన 200 స్లైడులు. ధర చూసి వెనక్కి తగ్గేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి. 20 నానోమోలార్ కావాల్సి వస్తే సగమే.

వెలుగుకు వంక పెట్టలేం. లోపల కాడ్మియం సెలెనైడ్, పైన జింక్ సల్ఫైడ్ తొడుగు. ఎఫ్‌ఐటీసీ అనే మామూలు ఫ్లోరసెంట్ రంగు చూస్తుండగానే వెలిసిపోతుంది, ఇవి మాత్రం జెడ్-స్టాక్ (లోతు మారుస్తూ తీసే ఫోటోల వరుస) పూర్తయ్యేదాకా నిలబడతాయి.

చిక్కంతా మైక్రోస్కోపు దగ్గరే. క్యూబ్ అంటే ఏ కాంతి స్లైడు మీద పడాలో, ఏది కంటికి రావాలో తేల్చే ఫిల్టర్ల దిమ్మె. డాపీ అనే నీలం రంగు కోసం పెట్టిన క్యూబ్ డాట్లను ఉత్తేజపరుస్తుంది, కానీ దాని ఎమిషన్ ఫిల్టరు నీలాన్నే వదులుతుంది కాబట్టి 655 కంటికి చేరదు. టెక్సాస్ రెడ్ అనే ఎర్ర రంగుకు పెట్టిన క్యూబ్‌లో కనిపిస్తాయి, కానీ 560 నానోమీటర్ల దగ్గర డాట్లు పీల్చుకునే కాంతి తక్కువ కాబట్టి మసగ్గా. కావాల్సింది 405 చుట్టూ ఉత్తేజం, 655 చుట్టూ సన్నని ఎమిషన్. ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టరున్న కలర్ కెమెరా అయితే 655 బదులు 605 తీసుకోండి. కంటికీ అదే ప్రకాశంగా ఉంటుంది.

నిల్వ 2–8 డిగ్రీల్లో. ఫ్రీజర్ గోడకు ఆనించి గడ్డ కట్టిందా, డాట్లు ముద్దకట్టేస్తాయి, మళ్లీ విడిపోవు. స్లైడు మీద చుక్కల్లా మెరిసేవి అవే. వాడే ముందు సెంట్రిఫ్యూజ్‌లో 5,000 జీ దగ్గర 3 నిమిషాలు తిప్పి పైతేట మాత్రమే తీసుకోండి. తిరుపతిలో మే నెల గది ఉష్ణోగ్రత ప్రోటోకాల్ రాసినవాళ్ల గది ఉష్ణోగ్రత కాదు: తడి పెట్టెలో పెట్టకపోతే గంట ఇంక్యుబేషన్‌లో స్లైడు అంచులు ఎండి, అక్కడే ఎర్రగా మెరుస్తాయి. బ్రహ్మోత్సవాల వారంలో డెలివరీ పెట్టించుకోకండి, ఆ రద్దీలో ఐస్‌ప్యాకులకు భరోసా లేదు.

లివరు, కిడ్నీ ముక్కల్లో సహజంగా బయోటిన్ ఎక్కువ, దాన్ని ముందు బ్లాక్ చేయాలి. ఆటోఫ్లోరసెన్స్ (కణజాలం తనంతట తానే వెలగడం) తగ్గించడానికి కాపర్ సల్ఫేట్ వాడే అలవాటుంటే మానండి, రాగి అయాన్లు డాట్ల వెలుగును ఆర్పేస్తాయి. పీహెచ్ 6 కంటే దిగితే కూడా నష్టమే.

న్యూక్లియస్ లోపలి ప్రోటీన్లకైతే సిఫారసు చేయను. తొడుగులన్నీ కలిసి డాట్ 15–20 నానోమీటర్లు, కణాల పొరకు రంధ్రాలు చేసే ట్రైటాన్ వేసినా సరిగా లోపలికి దిగదు. సెన్సర్ తయారుచేసేవాళ్లకు, ఒక అణువు నుంచి పక్కదానికి శక్తి దూకే ఫ్రెట్‌లో దాతగా బాగా పనికొస్తుంది, గ్రహీతగా మాత్రం పనికిరాదు: దాతను వెలిగించే కాంతినే ఇది కూడా పీల్చేస్తుంది.

వాడిన ద్రవం సింకులో పోయకండి, కాడ్మియం వ్యర్థాల డబ్బాలోకే.