ఒక్క కారు కోసం పాతబస్తీకి

నాన్న ఖమ్మం బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఎక్కడికైనా వెళ్దామంటే గుళ్ల పేర్లే చెప్పే మనిషి, ఈసారి "హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్‌రాయిస్ కారు ఉందట కదరా, చూసొద్దాం" అన్నారు.

రాత్రికి అబిడ్స్ దగ్గర ఓ లాడ్జిలో దిగాం. 24 గంటలూ వేణ్నీళ్లని బోర్డు. పొద్దున గీజర్ వేయించేసరికి నాన్న చన్నీళ్లతో స్నానం కానిచ్చేశారు. మళ్లీ వెళితే ఆ లాడ్జి గుమ్మం తొక్కను.

చార్మినార్ దాకా మెట్రో లేదు. ఆటో బేరమాడుకోవాలి. నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్లు తిని, లాడ్ బజార్ గాజుల కొట్ల మీదుగా నడిచాం. శుక్రవారం ప్యాలెస్ మూసేస్తారు, చూసుకుని బయల్దేరండి.

దర్బారు హాల్లో 19 షాండ్లియర్లు ఉన్నాయి. నాన్న తలెత్తి ఒక్కసారి చూసి, "కార్లెటు?" అన్నారు.

కారు గాజు గోడల వెనక ఉంది. పసుపుపచ్చ రంగుది, సిల్వర్ ఘోస్ట్ అనే మోడల్, 1912 నాటిది. అప్పట్లో రోల్స్‌రాయిస్ వాళ్లు ఇంజనూ, ఛాసిస్సే (కింది చట్రం) చేసేవారు. బాడీ కట్టించుకోవడం కొన్నవాళ్ల పని. ఇది లండన్‌లో బార్కర్ కంపెనీ కట్టింది. వెనక భాగం మీద గుమ్మటంలాంటి కప్పు, లోపల ఒక్కరికే ఎత్తుగా సింహాసనం, పరివారానికి మడత సీట్లు. ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కారు రాకముందే, 1911 ఆగస్టులో పోయారు. అది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. మొత్తం తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు.

"అంటే 570 కిలోమీటర్లు. మా డిపో బస్సు రెండ్రోజుల్లో తిరిగేస్తుంది," అన్నారు నాన్న. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లు దాటిన ఇంజను అని నేను చదివి చెబుతుంటే ఆయన మాత్రం మోకాళ్ల మీద వంగి కారు కింద నేలకేసి చూస్తున్నారు. ఆయిల్ చుక్క ఉందేమోనని! "లేదురా. ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు బాగున్నాయా, అసలు ఆయిలే పొయ్యలేదా?" ఆ పక్కనే కాపలా ఉన్నాయన నవ్వాపుకోలేకపోయాడు.

మధ్యాహ్నం పురానీ హవేలీలో నిజాం మ్యూజియం. ఆ కారెక్కని మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు రెండంతస్తుల్లో ఉన్నాయక్కడ. నాకైతే అదే ఎక్కువ నచ్చింది. ఒక్కపూటే టైముంటే మాత్రం చౌమహల్లాకే నా ఓటు. కారు దగ్గరికి పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే అద్దంలో మన మొహమే కనిపిస్తుంది.

తిరుగు బస్సులో సూర్యాపేట దాటేదాకా నాన్నది ఒకటే ప్రశ్న: ఆ పసుపు పెయింటు ఒరిజినలేనా అని.